యంత్రము తన శక్తిని తాను చెప్పుకొనుట

సీతాన్వేషణమునకై బయలుదేరిన వానరులు దక్షిణ సముద్రతీరము చేరి, నూరు యోజనముల నీటిని చూచి దిగులుపడి కూర్చుండిన ఘట్టము శ్రోతలందరు ఎరిగినదే. అప్పుడు అంగదుడు, ఎవ రెంత దూరము దుముకగలరో చెప్పుడని అందరి నడిగెను. గజుడు పది యోజనము లనెను. గవాక్షుడు ఇరువది యనెను. అట్లు క్రమముగా పెరుగుచు జాంబవంతుని వంతు వచ్చునప్పటికి ఆ లెక్క తొంబదికి చేరెను. అంగదుడు తాను నూరు యోజనములును దాటగల ననెను. తిరిగి రాగలనో లేదో మాత్రము చెప్పలే ననెను. ఇందరు ఇట్లు చెప్పుకొనుచుండగా, అందరికంటె బలవంతుడైన హనుమంతుడు ఒక వైపున మౌనముగా కూర్చుండెను.

చిన్ననాడు ఈ ఘట్టము చదువుకొన్నప్పుడు నాకు హనుమంతుని లంఘనమే ముచ్చటగా నుండెడిది. అరువది యేండ్లు దాటిన పిమ్మట, దానికి ముందు జరిగిన ఆ లెక్క చెప్పుకొనుటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. పని అప్పగించువాడు ముందుగా ఎదుటివాని శక్తి యెంతయో తెలిసికొనవలెను. అడుగబడినవాడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. ఈ రెండింటిలో నేది లోపించినను కార్యము చెడును. ఈ పూట నేను చెప్పబోవు చరిత్రయు ఇట్టిదే. అయితే ఇది వానరుల చరిత్ర గాదు. కంప్యూటరునకు తగిలించు ఉపకరణముల చరిత్ర.

తెలుగు పండితునికి కంప్యూటరు లోపలి సంగతులతో నేమి పనియని శ్రోతలు అడుగవచ్చును. నేను ముప్పది రెండేండ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. భాషాప్రవీణకు చదువు దినములలో నాకు భారతము చెప్పిన గురువుగారు, జీవితమంతయు పాఠము చెప్పుచు, నన్నయ తిక్కనల పద్యములపై తమకు తోచిన విశేషములను పండ్రెండు నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. అవి అచ్చునకు నోచుకొనలేదు. వారు గతించిన తరువాత, 2019లో, వారి కుమారుని అనుమతితో నేనును నా మనుమడును కూర్చుండి సుమారు రెండువేల పుటలకు ఫోటోలు తీసితిమి. బజారులో ఒక అంగడిలో కొనిన పెన్ డ్రైవులో వానిని దాచితిమి. దానిపై 64 గిగాబైట్లని అచ్చువేసి యుండెను. కంప్యూటరునకు తగిలించి చూడగా కంప్యూటరును 64 అనియే చూపెను. మా ఫోటోలన్నియు కలిసి 12 గిగాబైట్లకు మించలేదు. కావలసినంత చోటున్నదని ధైర్యపడి ఫోనులోని ప్రతులను తుడిచివేసితిమి. నోటుపుస్తకములను వారి యింటికి తిరిగి పంపితిమి.

మరుసటి యేటి వానలకు ఆ యింటి పైకప్పు కారి, పుస్తకములున్న భోషాణము తడిసి, కాగితములు ముద్దయిపోయినవి. "విచారింపకుడు, అన్నియు నా యొద్ద భద్రముగా నున్నవి" అని వారి కుమారునకు కబురు చేసి, పెన్ డ్రైవు తెరచితిని. పండ్రెండు పుస్తకముల పేర్లును వరుసగా కనబడెను. మొదటి నాలుగు పుస్తకముల పుటలు చక్కగా తెరచుకొనెను. ఐదవ పుస్తకము మొదలుకొని పేరు కలదు, పుట లేదు. ఎన్నిమారులు నొక్కినను తెల్లని తెరయే కనబడెను.

నా యొద్ద చదువుకొన్న అబ్బాయి యొకడు హైదరాబాదులో ఇట్టి ఉపకరణములను నడపు కార్యక్రమములు వ్రాయు ఉద్యోగములో నున్నాడు. అతనికి చూపితిని. అతడు ఒక పూటయంతయు పరీక్షించి, "మాస్టారూ, దీనిలో నిజముగా నున్న చోటు 4 గిగాబైట్లేనండి. 64 అని ఇది అబద్ధము చెప్పినది. కంప్యూటరు నమ్మినది" అనెను. "ఎవరు అడిగిరి నాయనా? ఇది యెవరితో చెప్పినది? వారెట్లు నమ్మిరి?" అని నేనడిగితిని. తీరికవేళలలో అతడు దానికి చెప్పిన సమాధానమే ఈ ప్రసంగము.

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ అను ప్రభుత్వ మొకటి యుండును. ఆ ప్రభుత్వమునకు నడిబొడ్డున నుండునది కెర్నెలు. డిస్కు, కీబోర్డు, కెమెరా మొదలగు ఉపకరణములకు ఏ పని చెప్పవలసినను దాని ద్వారముననే చెప్పవలెను. కాని ఉపకరణములు వేలకొలది. ఒక్కొక్కదాని భాష ఒక్కొక్కటి. కావున నడుమ దుబాసి అవసర మయ్యెను. చెన్నపట్టణమున కుంపిణీ దొరలకును మనవారికిని నడుమ దుబాసీలు మెలగినట్లే, కెర్నెలునకును ఉపకరణమునకును నడుమ డ్రైవరు అను చిన్న కార్యక్రమ మొకటి మెలగును. వచ్చినవా డెవడు, ఏమి చేయగలడు, ఎంతవరకు చేయగలడు అని దొరకు మనవి చేయుట దుబాసి మొదటి పని గదా. డ్రైవరు మొదటి పనియు అదియే. డిస్కయినచో ఎంత చోటున్నది? కెమెరాయైనచో ఎంత పెద్ద చిత్రము తీయగలదు? ఎంత విద్యుత్తు కావలెను? ఈ విన్నపము సరిగానున్నచో తరువాతి వ్యవహారము సరిగా నడచును.

మొదట ఈ ప్రశ్నయే పుట్టలేదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను ఆపరేటింగ్ సిస్టమును ప్రారంభించిన నాడు, ఒక్కొక్క కంప్యూటరు ఒక గదిని ఆక్రమించు వస్తువు. దానికి ఏయే ఉపకరణములు తగిలింపబడినవో దానిని కాపాడువారికి నోటికి వచ్చును. వారు ఆ జాబితాను చేతితో వ్రాసి, దానికి తగినట్లు కెర్నెలును సిద్ధము చేసికొనెడివారు. పది గడపల పల్లెలో ఎవరింటిలో ఎన్ని పశువులున్నవో కరణము దండోరా వేయించి తెలిసికొన నక్కరలేదు.

పల్లె పట్టణమైన తరువాత చిక్కు వచ్చెను. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసెను. దాని లోపల ఖాళీ గాళ్లుండెను. ఎవరైనను అంగడిలో ఒక కార్డు కొని తెచ్చి ఆ గాడిలో దిగ్గొట్టవచ్చును. సదుపాయము గొప్పదే. కాని ఆ కార్డునకు నోరు లేదు. తానెవరో చెప్పదు. అది ఏ సంఖ్యగల ద్వారము వద్ద కూర్చుండునో, కంప్యూటరును పిలుచుటకు ఏ తీగను లాగునో, కొనినవాడే జంపరులను చిన్న లోహపు తొడుగులను పీకి పెట్టి నిర్ణయింపవలెను. పిలుచు తీగలు 1981 నాటి యంత్రమున ఎనిమిది. 1984 నాటి ఏ.టి. యంత్రమున పదునారు చేసిరి గాని, అందొకటి రెండు భాగములను కలుపుటకే సరిపోయినందున మిగిలినవి పదునైదు. రెండు కార్డులు ఒకే తీగను పట్టుకొన్నచో రెండును పనిచేయకుండుట, ఒక్కొక్కప్పుడు యంత్రమే స్తంభించుట సామాన్యముగా నుండెను.

నోరులేనివాని సంగతి తెలిసికొనుట యెట్లు? మన తార్కికులు జ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు మార్గములు చెప్పిరి. ఆనాటి డ్రైవరులకు అనుమానమే గతి యయ్యెను. పొగను చూచి నిప్పును ఊహించినట్లు, ఒక ద్వారము వద్ద ఒక అంకె వ్రాసి చూచుట, ఫలానా అంకె తిరిగి వచ్చినచో ఫలానా కార్డున్నదని ఊహించుట. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్సు కెర్నెలు తొలినాళ్ళలో చాల ఉపకరణములను ఈ విధముగనే వెదకెడిది. ఇది చీకటిలో చేయిచాచి తడవుట వంటిది. ఒకదానిని వెదకుచు వేరొకదానిని తాకిన నేమగును? నెట్‌వర్కు కార్డు కొరకు వ్రాసిన అంకె మరియొక కార్డు చెవిని బడి, అది దానిని వేరొక ఆజ్ఞగా గ్రహించి యంత్రమును కదలకుండ చేసెడిది. అందుచేత లైనక్సులో యజమాని ముందుగనే "ఈ ద్వారముల జోలికి పోవలదు" అని వ్రాసి యిచ్చుటకు ఒక మార్గము కల్పింపవలసి వచ్చెను. అడుగుటయే ప్రమాదమైన కాలమది.

ఈ కష్టము గుర్తించి ఉపకరణములకు నోరిచ్చిన ప్రయత్నములు కొన్ని జరిగినవి. 1987లో ఐ.బి.ఎం. వారే మైక్రో ఛానెల్ అను పద్ధతిలో ప్రతి కార్డునకు ఒక గుర్తింపు సంఖ్య నిచ్చిరి. అది ఎక్కువగా వ్యాపింపలేదు. లోకమంతట వ్యాపించినది 1992లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పి.సి.ఐ. పద్ధతి. దీనిలో ప్రతి కార్డును తన వివరములు వ్రాసిన 256 బైట్ల పలకనొకదానిని దగ్గర నుంచుకొనవలెను. పలక మొదటి పంక్తిలో రెండు బైట్లు చేసినవారి సంఖ్య, రెండు బైట్లు వస్తువు సంఖ్య. అనగా ఇంటిపేరును పేరును అన్నమాట. ఆపైని అది యే జాతి ఉపకరణమో చెప్పు సంఖ్య.

ఈ పద్ధతిలో అడుగుట నిరపాయము. ఖాళీ గాడిని అడిగినచో అన్నియు ఒకట్లే జవాబుగా వచ్చును. అట్టి సంఖ్యను ఏ సంస్థకును ఇంటిపేరుగా నీయలేదు గనుక, అచ్చట ఎవరును లేరని కెర్నెలు గ్రహించును. నీకెంత చోటు కావలెనని అడుగు విధము మరియు చమత్కారముగా నుండును. కెర్నెలు ఆ పలకలోని ఒక గడిలో అన్నియు ఒకట్లు వ్రాసి తిరిగి చదువును. కార్డు తనకు కావలసిన చోటెంతయో అంతకు సరిపడు స్థానములను సున్నలుగా నిలిపి, మిగిలినవానిని ఒకట్లుగా నుంచి చూపును. ఆ సున్నలనుబట్టి చోటు లెక్కతేలును. 1990 దశకము చివర దీనికి శక్తుల గొలుసు కూడ చేర్చిరి. ఒక శక్తి పేరు, దాని ప్రక్కనే తరువాతి శక్తి యెచ్చట వ్రాయబడినదో ఆ చోటు. అట్లు ఒకదాని చేయి పట్టుకొని మరియొకదానిని చేరుకొని, గొలుసు తెగువరకు చదువుకొని పోవలెను. క్రొత్త శక్తులు పుట్టినను పాత పలక మార్చ నక్కరలేదు. 2003లో వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ ఆ పలకను 4096 బైట్లకు పెంచెను.

1996 జనవరిలో వెలువడిన యు.ఎస్.బి. పద్ధతి ఈ సంభాషణను సామాన్యుని చేతికి తెచ్చెను. ఇంటెల్ సంస్థలో దాని నిర్మాణమునకు నాయకత్వము వహించిన శ్రీ అజయ్ భట్ గారు బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివిన భారతీయులని తెలిసినప్పుడు నాకు సంతోషము కలిగినది. మన పెన్ డ్రైవును తగిలించిన క్షణమున జరుగు మర్యాద ఇది: మొదట దానికి పేరు లేదు, సున్న సంఖ్యతో పలుకరింపబడును. కెర్నెలు అడుగగా అది తన 18 బైట్ల పరిచయపత్రము సమర్పించును. అటుపైని దానికి 1 మొదలు 127 వరకు గల సంఖ్యలలో ఒకటి నివాసముగా దొరకును. తనకెంత విద్యుత్తు కావలెనో, తాను కీబోర్డో, నిల్వ ఉపకరణమో అది విన్నవించుకొనును. దానినిబట్టి కెర్నెలు తగిన డ్రైవరును పిలిచి దాని వెంట నుంచును. నాటకము వ్రాసినంత సులభముగా ఆడుట కుదరదు. 1998 ఏప్రిలులో బిల్ గేట్స్ నిండుసభలో విండోస్ 98ని చూపించునప్పుడు, ఒక స్కానరును తగిలింపగనే తెర నీలమై యంత్రము మూర్ఛపోయెను. సభ యంతయు నవ్వెను. అయినను కొన్ని యేండ్లలో ఈ పద్ధతి ఇంటింట నెలకొనెను. 2001 జనవరిలో వెలువడిన లైనక్సు 2.4 నాటికి అందును ఇది స్థిరపడెను.

అనుమానము పోయి శబ్దప్రమాణము వచ్చెను. ఉపకరణమే చెప్పుచున్నది, కెర్నెలు వినుచున్నది. కాని శబ్దము ప్రమాణ మగుటకు మనవారు ఒక నియమము పెట్టిరి. ఆప్తుని మాటయే ప్రమాణము. ఆప్తు డనగా యథార్థము పలుకువాడు. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు సయితము తెలియునట్లు చెప్పిన మాట ఇది. మరి ఉపకరణములు ఆప్తులేనా?

ఇచ్చట డిస్కుల చరిత్ర ఒక వింత చూపుచున్నది. డిస్కు పెట్టెలో పళ్లెములు తిరుగుచుండును, వానిపై వలయములు, వలయములందు 512 బైట్ల గడులు. ఒక్కొక్క ముఖమును చదువు కొనకు తల యని పేరు. వలయ మెన్నవది, తల యెన్నవది, గడి యెన్నవది అని మూడు సంఖ్యలతో పూర్వము చోటును చెప్పెడివారు. కంప్యూటరులో అంతకుముందే నెలకొనియున్న కార్యక్రమమున వలయములు 1024కు, గడులు 63కు మించరాదు. డిస్కు వైపు నియమమున తలలు 16కు మించరాదు. రెండు నియమములును ఒకేసారి పాటించినచో దొరకు చోటు 52 కోట్ల 84 లక్షల 82 వేల 304 బైట్లు మాత్రమే. 1990 దశకము నడుమ డిస్కులు ఈ కట్టను దాటినవి. మరి యేమి చేయుట? లెక్క కుదురుటకై లేని సంఖ్యలు చెప్పుకొనుట ఆరంభమయ్యెను. లోపల రెండు మూడు తలలే యున్న డిస్కులు తమకు పదునారు తలలని చెప్పుకొనెను. రావణునకైనను పదియే గదా! ఎనిమిదిన్నర వందల కోట్ల బైట్లకు పైబడిన డిస్కు లన్నియు, పెద్దవి కానిండు మిక్కిలి పెద్దవి కానిండు, 16,383 వలయములు, 16 తలలు, 63 గడులు అను ఒకే పాఠము వల్లించెను.

దీనిని ద్రోహమనుటకు వీలులేదు. వెలుపలి వలయము పొడవైనది, లోపలిది పొట్టిది. వలయమునకు ఇన్ని గడులని ఒక్క సంఖ్యతో చెప్పుటయే ఆ నాటికి అసాధ్యమైనది. పాత కార్యక్రమములు దడిసికొనకుండుటకు చెప్పిన మర్యాద మాట ఇది. మొత్తము గడులెన్ని యను నిజమైన సంఖ్యను డిస్కు వేరొక చోట వ్రాసి యుంచెను. కెర్నెలు పై మూడు సంఖ్యలను విని ఊరకుండి, ఆ నిజమైన సంఖ్యనే నమ్మ నేర్చుకొనెను. ఏ మాట వాస్తవము, ఏ మాట లాంఛనము అను వివేకము దుబాసికి కావలసి వచ్చెను.

రెండవ రకము అబద్ధము తెలియక చెప్పునది. స్కజీ అను పాత పద్ధతిలో "నీ చోటెంత?" అను ప్రశ్నకు జవాబుగా చివరి గడి సంఖ్యను చెప్పవలెనని నియమము. 1986లో ప్రమాణముగా ప్రకటింపబడిన ఈ పద్ధతిలోని ప్రశ్నోత్తరములనే తరువాత పెన్ డ్రైవులును అనుసరించినవి. లెక్క సున్నతో మొదలగును గనుక వెయ్యి గడులున్నచో చివరిది 999. కొందరు తయారుచేయువారు ప్రశ్నను సరిగా చదువక, మొత్తము వెయ్యి గదాయని వెయ్యి అనియే చెప్పించిరి. ఒక్కటే తేడా. కాని కెర్నెలు లేని ఆ చివరి గడిని చదువబోగా, కొన్ని ఉపకరణములు బిక్కచచ్చి ఊరకుండెను. ప్రశ్నపత్రము సరిగా చదువక తప్పు వ్రాసిన విద్యార్థులను ముప్పది రెండేండ్లు చూచిన నాకు ఇది అర్థమగుట కష్టము గాలేదు.

దీనికై లైనక్సు వారు ఒక జాబితా వ్రాయ మొదలిడిరి. ఫలానా సంస్థవారి ఫలానా సంఖ్యగల ఉపకరణము చెప్పిన లెక్కలో ఒకటి తగ్గింపుము. ఫలానా జాతివి బేసి సంఖ్య చెప్పినచో ఒకటి తగ్గింపుము. ఫలానాదానిని ఫలానా ప్రశ్న అడుగనే వలదు. ఒక్కొక్క పంక్తి వెనుకను ఎవరో ఒకరు కష్టపడి కనుగొనిన ఒక తప్పు కలదు. మా శిష్యుడు ఆ జాబితాను తెరపై చూపగా, నాకు వ్యాకరణములోని అపవాద సూత్రములు జ్ఞప్తికి వచ్చినవి. సూత్రము సామాన్యమునకు, జీవించు భాషకు అపవాదములు తప్పవు.

మూడవది తెలిసి చెప్పు అబద్ధము. నా పెన్ డ్రైవు అట్టిది. 4 గిగాబైట్ల చిప్పును లోపల పెట్టి, "నీ చోటెంత?" అని యడిగిన 64 అని పలుకునట్లు దానికి ఎవరో నేర్పిరి. వ్రాయుమనిన దానినెల్ల వ్రాసితి ననును. నాలుగు నిండిన తరువాత వచ్చినదానిని గాలికి వదలును. పేర్ల పట్టిక మొదటి భాగముననే యుండును గనుక పేర్లు మాత్రము నిలుచును. అపవాదముల జాబితా దీనికి పనికిరాదు. ఏలయన అది పేరునుబట్టి పనిచేయును. దొంగ తన పేరును గూడ దొంగిలించి చెప్పును.

"మరి కెర్నెలు ముందుగా పరీక్షింపరాదా?" అని నేను కొంచెము కోపముగనే యడిగితిని. అతడు నవ్వి లెక్కవేసి చూపెను. సెకనుకు కోటి బైట్లు వ్రాసినను 64 గిగాబైట్లు నింపుటకు సుమారు గంటా ముప్పావు పట్టును. తిరిగి చదువుటకు మరికొంత కాలము. అంతేకాదు, నింపి చూచుట యనగా అందున్నదానిని తుడిచివేయుట. తగిలించిన ప్రతిసారియు ఇట్లు చేసినచో నిజాయితీగల ఉపకరణము నొకదానినైన వాడుకొనలేము. అతిథి వచ్చినప్పుడెల్ల మూట విప్పించి చూచు ఇంటికి ఎవరు వత్తురు? కావున కెర్నెలు నమ్ముటయే న్యాయము. పరీక్ష యజమాని వంతు. ఎఫ్‌త్రీ యను పరీక్షా కార్యక్రమ మిట్టిదానికే పుట్టినది: ఉపకరణము నిండువరకు తెలిసిన అంకెలు వ్రాయును, తిరిగి చదివి సరిపోల్చును. నా పెన్ డ్రైవు గుట్టు బయటపెట్టినది అదియే.

కెర్నెలు తానే ప్రత్యక్షమునకు దిగిన సందర్భములును లేకపోలేదు. 1994లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున థామస్ నైస్లీ అను గణితోపాధ్యాయుడు, ఇంటెల్ వారి పెంటియం ప్రాసెసరు కొన్ని భాగహారములను తప్పు చేయుచున్నదని కనిపెట్టెను. భాగహారము చేయగల నని ఆ ప్రాసెసరు చెప్పుకొనుట నిజమే, చేయుటయు నిజమే, కొన్ని సంఖ్యలకడ లబ్ధము తప్పు. అప్పుడు లైనక్సు వారు ప్రాసెసరు మాటతో తృప్తిపడక ఒక చిన్న పరీక్ష పెట్టిరి. 41,95,835ను 31,45,727తో భాగించి, వచ్చిన లబ్ధమును తిరిగి అదే సంఖ్యతో గుణించి, మొదటి సంఖ్యనుండి తీసివేయవలెను. సున్న రావలెను. దోషముగల ప్రాసెసరునందు 256 వచ్చును. యంత్రము మేల్కొనగనే కెర్నెలు ఈ లెక్క చేయించి, దోషమున్నదో లేదో వివరముల పట్టికలో వ్రాసి యుంచెడిది. ఈ పరీక్ష క్షణకాలపు పని. తప్పిన నష్టము పెద్దది. పరీక్ష యెప్పుడు పెట్టవలెను, మాట యెప్పుడు నమ్మవలెను అనుదానికి ఇదియే కొలత.

ఉపకరణముల తప్పులే చెప్పి దుబాసిని విడిచిపెట్టుట న్యాయము గాదు. డ్రైవరులును కొన్నాళ్లు తడబడినవి. లైనక్సులో కెమెరాలకును టెలివిజను కార్డులకును 2002లో ఒక క్రొత్త పద్ధతి చేర్చబడెను. అందు ఏ కార్యక్రమమైనను మొదట "నీ శక్తు లేవి?" అని డ్రైవరును అడుగవలెను. కాని ఒకే కార్డులో టెలివిజను, రేడియో, తెరపై వ్రాతలు తెచ్చు భాగము ఉండెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాకిలి. రేడియో వాకిట నిలిచి అడిగినప్పుడు ఆ వాకిటి శక్తియే చెప్పవలెనా, ఇంటి యందరి శక్తి చెప్పవలెనా? ఒక డ్రైవరొకటి చెప్పెను, మరియొకటి మరియొకటి చెప్పెను. రేడియో వాకిట బొమ్మ దొరకునని నమ్మి అడిగిన కార్యక్రమము రిక్తహస్తముతో మరలెను. 2012లో దీనిని చక్కబెట్టి, ఇల్లంతటి శక్తి ఒక గడిలోను, ఈ వాకిటి శక్తి వేరొక గడిలోను చెప్పవలెనని విధించిరి.

మా శిష్యుడు చెప్పిన మరియొక నియమము నాకు మిక్కిలి నచ్చినది. ఉపకరణమునకు ఒక శక్తి యున్నను, దానిని నడపు భాష డ్రైవరునకు రానిచో ఆ శక్తి కలదని డ్రైవరు చెప్పరాదు. డ్రైవరునకు వచ్చినను ఉపకరణమునకు లేనిచో అదియు చెప్పరాదు. ఇద్దరికిని కలిసి ఎంత చేతనగునో అంతయే విన్నవింపవలెను. ఎక్కువ చెప్పిన పని చెడును. తక్కువ చెప్పిన సముద్రతీరమున హనుమంతుడు మౌనముగా కూర్చుండినట్లు శక్తి వ్యర్థమగును. రెంటిలో తక్కువ చెప్పుటకు జాంబవంతుని వలన చికిత్స కలదు. ఎక్కువ చెప్పి పనిలోనికి దిగినవానికి నడిసముద్రమున చికిత్స లేదు.

శ్రోతలారా, పెన్ డ్రైవు కొనిన వెంటనే, అమూల్యమైనది దానిలో నుంచక ముందే, నింపి చదివి చూచుకొనుడు. ఒక్క ప్రతిని నమ్మి రెండవదానిని తుడిచివేయకుడు. ఈ రెండు మాటలు నాకు ఎనిమిది నోటుపుస్తకముల ఖరీదు పడినవి. ఇప్పుడు నేనును నా సహాధ్యాయు లిద్దరును మా మా భారతప్రతుల అంచులలో ఆనాడు పాఠము వినుచు వ్రాసికొన్న ముక్కలను ఏరి కూర్చుచున్నాము. అది గురువుగారి వ్రాతకు సాటి రాదు. రాదని పీఠికలోనే వ్రాయుదుము.

మిగిలిన నాలుగు పుస్తకములను మొన్న మరల చదివితిని. నాలుగవదానిలో ఒక కఠినమైన పద్యము క్రింద గురువుగారు అర్థము సగము వరకు వ్రాసి ఆపి, "ఇంతవరకే నాకు తెలిసినది, మిగిలినది తెలిసినవారిని అడుగవలెను" అని వ్రాసికొనిరి. మూడు దశాబ్దములు పాఠము చెప్పిన పిమ్మట వ్రాసిన మాట అది. నూరు యోజనములు పోగలను, తిరిగి రాగలనో లేదో చెప్పలేనన్న అంగదుని మాటయు ఇట్టిదే. తన శక్తిని ఎట్లు చెప్పుకొనవలెనో వారు నాకు ఆనాడే చూపి యుండిరి. పాఠము అర్థమగుటకు నాకు ఇన్నాళ్లు పట్టినది.